ఒక్కసారే అడిగే ఐలాగారు

మా ఆఫీసు ఏడో అంతస్తులో, కిటికీ పక్క వరసకి సరిగ్గా పైన ఒక ఏసీ రంధ్రం ఉంది. కింద రోడ్డు మీద మే నెల ఎండకి తారు మెత్తబడుతుంటే, ఆ రంధ్రం కింద కూర్చున్న మనిషి మాత్రం శాలువా కప్పుకుని పనిచేసుకుంటూ ఉంటుంది. మొన్న ఆ సీటు మా టీములో కొత్తగా చేరిన లావణ్యకి పడింది. ఏదో చూపిద్దామని ఆమె పక్కన వంగానో లేదో, ఆ చల్లగాలి నా మెడ వెనక తగిలింది. ముక్కులోకి ఇనుప వాసన లాంటిదేదో ఎక్కింది. "చలిగా ఉందా?" అని అడిగాను. "ఏం లేదక్కా, మంచిగనే ఉంది," అంది లావణ్య, రెండు చేతులూ చంకల్లో దాచుకుని. నాకు నవ్వాగలేదు. అది నేను బాగా ఎరిగిన అబద్ధం. నా చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్ళి, తాళాల గుత్తిలో ఉన్న చిన్న ఇత్తడి తాళంచెవిని తడుముకుంది.

ఆ తాళంచెవి హైదరాబాదులో ఏ తాళాన్నీ తియ్యదు. బొటనవేలంత ఉంటుంది, చివర నలుచదరపు బెజ్జం. మెట్రో స్టేషన్లో తనిఖీ చేసే అమ్మాయి ఒకసారి దాన్ని పట్టుకుని "ఇది దేనికి మేడమ్?" అని అడిగింది. "మొహమాటం తగ్గడానికి," అన్నాను. నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసి పంపించేసింది. కానీ నేను చెప్పింది నిజమే. అది ఐలాగారిది.

ఐలాగారు ఫిన్లాండులో, ఔలు అనే ఊళ్ళో, మా భవనంలోనే పక్కింటావిడ. పై చదువుకి అక్కడికి వెళ్ళినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, ఆవిడకి డెబ్భై నాలుగు. జీవితమంతా సైకిల్ మీద మంచులో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పొట్టిగా, గట్టిగా, పొట్లం కట్టినట్టు ఉండేది. మాటలు చాలా పొదుపు. మొదటిరోజే "నా పేరు ఐలా, అలాగే పిలు," అంది. అమ్మమ్మ వయసావిడని పేరు పెట్టి పిలవమంటే కూకట్‌పల్లిలో పెరిగిన నా నాలుక తిరుగుతుందా? "ఐలాగారూ" అన్నాను. మా దేశంలో ఐలా అనే పేరు అలా పలుకుతారు కాబోలనుకుని ఆవిడ తల ఊపింది. ఆ ఏడాది క్రిస్మస్ కార్డు మీద కూడా చక్కగా "ఐలాగారు" అనే సంతకం పెట్టింది. నేను దిద్దలేదు. ఎందుకు దిద్దాలి?

దిగిన వారానికే తలుపు తట్టి "కాఫీ తాగుతావా?" అని అడిగింది. వెనక వాళ్ళింట్లోంచి యాలకుల వాసన గుప్పుమంటోంది. అక్కడి బన్నుల్లో యాలకులు దంచి వేస్తారని నాకప్పటికి తెలియదు. ఆ వాసనకి ప్రాణం లేచొచ్చింది. అయినా మర్యాద ఉంది కదా, "అబ్బే, వద్దండి," అన్నాను. "సరే," అని ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసేసుకుంది. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. రెండోసారి అడుగుతుందేమోనని నిజంగా కాసేపు ఎదురుచూశాను. తలుపు కింద నుంచి యాలకుల వాసన మాత్రం వస్తూనే ఉంది.

మా ఇంట్లో పద్ధతి వేరు. మాది గుంటూరు వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ కుటుంబం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నేను పదో తరగతిలో ఉండగా నాన్న పోయారు, అప్పటి నుంచి ఇల్లంతా ఆవిడ భుజాల మీదే. ఎవరైనా ఇంటికొస్తే అమ్మ "భోంచేద్దురు రండి" అంటుంది, వాళ్ళు "ఇప్పుడే తినొచ్చామండి" అంటారు, అమ్మ కంచం పెట్టేస్తుంది, వాళ్ళు "అయ్యో ఎందుకండీ" అంటూ కూర్చుంటారు. మొదటిసారే "సరేనండి" అనేవాణ్ణి మేం ఆబగాడి కింద జమకట్టేవాళ్ళం. ఈ లెక్కంతా నేను పెట్టెలో చీరతోపాటు సర్దుకుని ఔలు తీసుకెళ్ళాను. అక్కడ అది చెల్లలేదు. నేను వద్దంటే వద్దనే అనుకున్నారు, బాగున్నానంటే బాగున్నాననే నమ్మారు. అలా మర్యాద చేసి చేసి ఆకలితో చచ్చాను.

డిసెంబరు వచ్చేసరికి సంగతి ముదిరింది. పొద్దున పదిన్నరకి సూర్యుడు బద్ధకంగా తొంగిచూసి రెండింటికల్లా పోయేవాడు. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద, ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకునేవి. అది సరే, బయట కదా అనుకోవచ్చు. నా గదిలోనూ చలే. కిటికీ కింద గోడకి వేడినీళ్ళు తిరిగే రేడియేటర్ ఉంది, చెయ్యి వేస్తే అడుగున ఏదో గోరువెచ్చగా, పైనంతా చచ్చిన చేపలా చల్లగా ఉండేది. చలిదేశం కదా, ఇళ్ళు ఇలాగే ఉంటాయి, వీళ్ళు గట్టివాళ్ళు, నేనే మెత్తదాన్ని అనుకున్నాను. కోటు వేసుకుని పడుకునేదాన్ని. వీడియోలో అమ్మ "ఇంట్లో కూడా కోటేంటే?" అంటే "ఇక్కడ ఫ్యాషనమ్మా" అన్నాను. చేతులు కొంకర్లుపోయి చదువు సాగక, రెండు పరీక్షలు పోగొట్టుకున్నాను. చివరికి ఒకరోజు "చదువు మానుకుని వెళ్ళిపోతున్నాను" అని మా విభాగానికి ఉత్తరం రాసి పెట్టుకున్నాను. సోమవారం పంపాలి. పంపితే అంతే సంగతులు. అమ్మ అన్నేళ్ళు డ్యూటీల మీద డ్యూటీలు చేసి నన్ను పంపిన చదువు అక్కడితో ఆఖరు.

తమాషా ఏమిటంటే, ఐలాగారు నన్ను అడిగింది. ఆ నెల మొదట్లోనే మెట్ల మీద ఎదురై "నీ గది వెచ్చగా ఉందా?" అంది. "ఆఁ, బాగుందండి," అన్నాను. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు కదా! "మంచిది," అని ఆవిడ వెళ్ళిపోయింది. నాకు లోపల ఒళ్ళు మండిపోయింది. ఇంకోసారి అడిగితే ఈవిడ సొమ్మేం పోయింది అనుకున్నాను. మూడు వారాలు కోపంగా వణికాను.

ఆ శుక్రవారం దొరికిపోయాను. మా భవనం కింద అందరికీ కలిపి బట్టలు ఆరబెట్టే గది ఒకటి ఉండేది. వేడిగాలి కొట్టే మిషను, వరసగా తీగలు. ఆ ఊళ్ళో నాకు తెలిసిన వెచ్చటి చోటు అదొక్కటే. ఎవరివో దుప్పట్ల మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని చదువుకుంటున్నాను. దుప్పటి పక్కకి జరిగింది. ఎదురుగా ఐలాగారు.

"నీ బట్టలేవి?" అంది.

"లేవండి. చదువుకుంటున్నాను."

"ఇక్కడా?"

"ఇక్కడ... బాగుంటుంది."

ఆవిడ నా చేతులకేసి చూసింది. వేళ్ళ కణుపులు పగిలి ఎర్రగా ఉన్నాయి. నన్ను లేపి, మెట్లెక్కించి, నా గది తలుపు తీయించింది. లోపల అడుగుపెట్టగానే మొహం మారిపోయింది. కిటికీ అద్దానికి లోపలివైపున కూడా మంచు పొర కట్టింది. రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి, తన ఇంట్లోకి వెళ్ళి, వంటింటి సొరుగులోంచి ఒక చిన్న ఇత్తడి తాళంచెవి, ఒక కాఫీ కప్పు తెచ్చింది. రేడియేటర్ చివరున్న చీలకి తాళంచెవి పెట్టి అర తిప్పు తిప్పింది. బుస్సుమని గాలి బయటికొచ్చింది. కాసేపటికి నాలుగు చుక్కలు నల్లటి నీళ్ళు కప్పులో పడ్డాయి. మళ్ళీ బిగించింది. అంతే. లోపల గాలి ఇరుక్కుంది, వేడినీళ్ళు పైకి రావడం లేదు. ఒక నిమిషం కూడా పట్టలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను.

ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "నేను అడిగాను," అంది. "వెచ్చగా ఉందా అని అడిగాను. ఉందన్నావు. నేను నమ్మాను. మూడు వారాలు గోడ అవతల హాయిగా పడుకున్నాను. నన్నెందుకు అలా చేశావు?" అప్పటిదాకా నా మొహమాటం నన్ను మాత్రమే బాధపెడుతుందనుకున్నాను. నమ్మినవాళ్ళకి అది అవమానమని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఊళ్ళో మూడుసార్లు అడుగుతారని, మొదటి రెండూ లెక్కలోకి రావని నానా తంటాలు పడి వివరించాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మూడు ఎక్కువ," అంది చివరికి. "నేను రెండుసార్లు అడుగుతాను. ఒకటి నా పద్ధతి, ఒకటి మీ పద్ధతి. నువ్వు మొదటిసారే నిజం చెప్పడం నేర్చుకో. ఇప్పుడు చెప్పు, కాఫీ తాగుతావా?"

"తాగుతాను," అన్నాను. నాలుగు బన్నులు కూడా తిన్నాను. సోమవారం ఆ ఉత్తరం పంపలేదు.

క్రిస్మస్ ముందు సాయంత్రం నన్ను వాళ్ళ శ్మశానానికి తీసుకెళ్ళింది. ఆ రోజు ఊరు ఊరంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తుంది. మంచులో గుంట చేసి అందులో దీపం పెడతారు. ఎక్కడా చప్పుడు లేదు, కాళ్ళ కింద మంచు కరకరలాడటం తప్ప. అంత చీకట్లో, తెల్లటి నేల మీద కనుచూపుమేర దీపాలు. మేమూ క్రైస్తవులమే, నవంబరులో సమాధుల పండుగ చేసుకుంటాం, కానీ మా దగ్గర బంతిపూలు, పాటలు, పిల్లల గోల. ఐలాగారు తన భర్త సమాధి దగ్గర ఒక దీపం పెట్టి, సంచిలోంచి ఇంకొకటి తీసి "నీకెవరున్నారు?" అని అడిగింది. ఎవరూ లేరండి అనబోయి నాలుక కరుచుకున్నాను. "మా నాన్న," అన్నాను. దూరంగా ఉన్నవాళ్ళ కోసం దీపాలు పెట్టే రాయి ఒకటి ఉంటే అక్కడికి తీసుకెళ్ళింది. గాలికి ఆరకుండా తన చేతులు అడ్డం పెట్టింది, నేను వెలిగించాను. నాన్న గురించి ఆ దేశంలో నేను నోరు విప్పడం అదే మొదలు. ఇంటికి నడిచొస్తూ దారంతా మాట్లాడాను. పాపం, ఆవిడ జీవితంలో అంత వాగుడు విని ఉండదు.

చదువు పూర్తయి వచ్చేసేటప్పుడు, నా దగ్గరే ఉంచుకోమని ఆవిడ ఇచ్చిన ఆ తాళంచెవి తిరిగిచ్చెయ్యబోయాను.

"నీకు కావాలా?" అంది.

"కావాలి."

"హైదరాబాదులో రేడియేటర్లు ఉంటాయా?"

"ఉండవు."

"అయినా కావాలా?"

"కావాలి."

"సరే," అని నా గుప్పిట మూసింది.

తర్వాత రెండేళ్ళకి జనవరిలో ఐలాగారు కూకట్‌పల్లి వచ్చింది. ఇక చూడాలి! మా అమ్మ చేతిలో ఫిన్లాండు చిత్తుగా ఓడిపోయింది. ఆవిడ "చాలు" అంటుంది, అమ్మ గరిటెడు పప్పు వేస్తుంది. ఆవిడ "నిజంగా చాలు" అంటుంది, అమ్మ "అలాగేనండి, ఈ ఒక్క గారె" అంటుంది. రెండోరోజుకి మా ఐలాగారు కంచం మీద రెండు చేతులూ కప్పేసి కూర్చోవడం నేర్చుకుంది. ఆ వేళ్ళ సందుల్లోంచి కూడా అమ్మ నెయ్యి వేసింది. "మీ అమ్మకి చెవులు వినపడవా?" అని నన్ను రహస్యంగా అడిగింది.

వెళ్ళేరోజు విమానాశ్రయంలో అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని "మళ్ళీ వస్తారా అండీ?" అంది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. "రాను," అంది ఐలాగారు. అమ్మ నవ్వి మళ్ళీ అడిగింది. "రాను." మూడోసారి అడిగేసరికి అమ్మ కళ్ళలో నీళ్ళు, ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు, అయినా "రాను" అనే అంది. తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు అడగవా?"

"అడగను. మీరు చెప్పారు కదా," అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. నా భుజం మీద రెండుసార్లు తట్టి లోపలికి వెళ్ళిపోయింది. పార్కింగులో కారెక్కి బావురుమన్నాను. అప్పటికే గుండె జబ్బు ముదిరిందని, ఇంక ప్రయాణాలు వద్దన్నారని ఆవిడ పోయాక వాళ్ళ అమ్మాయి రాసింది. ఆ మూడుసార్లూ ఆవిడ నిజమే చెప్పింది.

ఇప్పుడు నన్ను ఎవరైనా కాఫీ తాగుతావా అంటే మొదటిసారే తాగుతానంటాను. "కాస్త ఆగవే, వాళ్ళేమనుకుంటారు?" అని అమ్మ నా మోచెయ్యి గిల్లుతుంది. గిల్లనీ. మొన్న లావణ్య దగ్గర మాత్రం ఒకసారి అడగడంతో ఐలాగారి వాటా అయిపోయింది, రెండోసారి అడిగే మనవాళ్ళ వాటా మిగిలింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని మళ్ళీ అడిగాను.

"నిజం చెప్పు. చలిగా ఉందా?"

లావణ్య నా మొహంలోకి చూసింది. "జర ఎక్కువనే ఉందక్కా," అంది.