మామయ్యపై అరిచిన రోజు

ఆ రోజు మా ఆడబిడ్డ నర్సింగ్ దరఖాస్తుకు ఆఖరి గడువు. కామాటిపురాలో వరుస గదుల చాల్‌లోని మా గదిలో పాత కంప్యూటర్ ఆన్ చేస్తే, కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోతోంది. పొద్దున మామయ్య దాన్ని తుడవడం చూశాను.

"తడిబట్టతో తుడిచి ఖరాబు జేసిన్రు!" అని పొరుగువాళ్లంతా వినేలా అరిచాను.

"పొడిబట్టే బిడ్డా" అంటూ, జీవితమంతా తాపీ పనిచేసిన ఆ పెద్దాయన గదుల ముందున్న ఉమ్మడి గ్యాలరీలోకి వెళ్లిపోయారు.

రిపేరు చేసే అతనికి ఫోన్ చేశాను. "ఎనక పెన్‌డ్రైవ్ ఉంటే తీయి అక్కా, దాంట్లకెంచే ఆన్ కావాలని జూసి ఆగిపోతది" అన్నాడు. ఉంది. ముందురోజు నేనే పెట్టి మరిచాను. తీసి ఆన్ చేస్తే మామూలుగా తెరుచుకుంది.

దరఖాస్తు పంపి గ్యాలరీలోకి వెళ్లి, పొరుగువాళ్ల ముందే "తప్పు నాదే మామా" అన్నాను.

"అది ఇడువు. పోరి ఫారం పోయిందా?" అన్నారాయన.

ఇప్పుడు ఏది చెడినా, నేనేం చేశానో గుర్తుచేసుకున్నాకే నోరు తెరుస్తున్నాను.