సైదులు మామ పెట్టిన ఫొటో

లాక్‌డౌన్‌లో దవాఖానకు పోయే వీలు లేక, షుగర్ ఉన్న మా చుట్టాలమంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అది ఇప్పటికీ నడుస్తోంది. పొద్దున్నే పరగడుపున షుగర్ చూసుకుని, మిషన్ ఫొటో అందులో పెట్టాలి. ఎక్కువ వచ్చినవాళ్లకు మిగతావాళ్లం క్లాసు పీకుతాం. అందరికన్నా ఎక్కువ తిట్లు తినేది పానగల్ దగ్గర గొర్లు కాసే మా సైదులు మామ.

ఈరోజు ఆయన ఫొటోలో మూడు వందల పది ఉంది. గ్రూపంతా మీద పడింది. నేనైతే ఫోనే చేశాను.

"రాత్రి మామిడిపండ్లు గిట్ల తిన్నవా మామా? నిజం చెప్పు."

"నేనేం తినలే అల్లుడా. దినాం మీ తిట్లు పడలేక ఇయ్యాల మీ అత్త వేలు గుచ్చిన. ఆమెకు షుగర్ లేదు గదా, మంచిగ వస్తదనుకున్న. గిది చూసి భయమైంది. ఎవల్నడగాల్నో తెల్వక మీకే పెట్టిన."

నవ్వు వచ్చింది, వచ్చినంత త్వరగానే ఆగిపోయింది. మామకు జొన్నరొట్టెలు చేసిపెట్టి, తాను మాత్రం రాత్రి మిగిలిన అన్నం తినే అత్త సంగతి మేమెవరం ఎప్పుడూ అడగలేదు. రేపు ఇద్దరినీ నల్లగొండలో డాక్టరుకు చూపిస్తున్నాను.

సాయంత్రం మిషన్ పట్టుకుని మా ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"నాకేమైంది? మంచిగనే ఉన్న గదా!" అంది.

పొద్దున అత్త కూడా మామతో అచ్చం ఇదే మాట అందట. మీ ఇంట్లో ఈ మాట అనేదెవరు?