మాల వేసుకున్న ముద్దాయి

1992 చలికాలం. ఫిల్మ్‌నగర్‌లో ఎటు చూసినా కొత్త కట్టడాలు లేస్తున్న రోజులు. జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంటి అవుట్‌హౌసే ప్లీడరుగా నా ఆఫీసు. సినిమా కంపెనీల బండ్ల కేసులన్నీ నా దగ్గరికే వచ్చేవి. చాలావరకు గెలిచేవాణ్ణి, ఆ పొగరూ ఉండేది.

మల్లేశం యూనిట్ వ్యాన్ డ్రైవరు. అయ్యప్ప మాల వేసుకున్నాడు. తెల్లవారుజాము చన్నీళ్ల స్నానాలకు జలుబు పట్టుకుంటే, మెడికల్ షాపులో బిళ్ల అడిగి వేసుకున్నాడు. పట్టపగలు వ్యాన్ రోడ్డు దిగి టీకొట్టు బల్లను నుజ్జునుజ్జు చేసింది. రక్తపరీక్షలో మద్యం లేదు. డాక్టరు మాత్రం ‘మగతగా ఉన్నాడు’ అని రాశాడు. మత్తులో బండి నడిపాడని పోలీసులు సెక్షన్ 185 పెట్టారు.

ఆ సెక్షన్ కింద అప్పట్లో మద్యమైతే రక్తంలో చుక్క ఉన్నా నేరమే. డ్రగ్ సంగతి వేరు. గంజాయి కానీ, జలుబు బిళ్ల కానీ, బండిని అదుపు చెయ్యలేనంతగా మనిషి మీద పనిచేసిందని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యాలి. కొలిచే మిషనేదీ? నల్లేరు మీద బండి నడకే అనుకున్నాను.

“వరసగా రెండు షిఫ్టులు తోలి అలసిపోయాడని నేను వాదిస్తాను. నువ్వు ‘నేరం చెయ్యలేదు’ అను చాలు. ఆ నల్లబట్టలూ విభూతీ చూశాక నిన్నెవరు శంకిస్తారు స్వామీ? లైసెన్సు పోతే ఇల్లెలా గడుస్తుంది?” అన్నాను. మాలలో ఉన్నవాణ్ణి ఎవరైనా స్వామీ అనాల్సిందే, ప్లీడరైనా సరే. అతను తలూపాడు.

కోర్టులో మెజిస్ట్రేటు అభియోగం వినిపించి, “నేరం ఒప్పుకుంటావా?” అని అడిగారు.

మల్లేశం నా వైపు చూశాడు. తర్వాత చేతులు జోడించాడు. “బిళ్ల ఏస్కున్న సార్. బంజారా హిల్స్ కాడనే ఒకపారి కన్ను మూతవడ్డది. ఆపి, మొఖం కడుక్కొని మల్ల తోలిన. బల్ల మీద కూసున్నోళ్లు అప్పుడే లేచిండ్రు గని, లేకుంటె ఏమయ్యేది? తప్పు నాదే.”

జరిమానా పడింది, కొన్నాళ్లపాటు లైసెన్సు రద్దయింది. కంపెనీ వాళ్లు ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

“గెలిచే కేసు చేజేతులా పాడుచేసుకున్నావు కదయ్యా!” అని కోర్టు మెట్ల మీదే కేకలేశాను.

“జర గుస్సా గాకుండ్రి సార్. మాలను జూపెట్టి ఇడిపిస్తనన్నరు మీరు. మాల మెడల ఉండంగ అబద్ధం ఎట్ల ఆడుత?”

నాకు సిగ్గేసింది.

చట్టం అడిగేది ఏం మింగావని కాదు, మింగాక బండి నీ చేతిలో ఉందా లేదా అని. ఆ సంగతి డాక్టరు కంటే, నాకంటే, స్టీరింగ్ పట్టుకున్నవాడికే బాగా తెలుసు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో అది నాకు నేర్పింది మల్లేశమే. లైసెన్సు తిరిగొచ్చాక మా పిల్లల్ని బడికి దించే కారు అతని చేతికే ఇచ్చాను. జలుబు చేసిన రోజు మాత్రం రానని పొద్దున్నే కబురు పెట్టేవాడు. ఆ రోజు నేనే తోలుకునేవాణ్ణి.