కాల్చని పోగు

నర్సీపట్నంలో నేను ఎమ్మెస్సీ టెక్స్‌టైల్స్ చదివినప్పుడు మా ప్రాక్టికల్స్ మేడం బ్యాగులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉండేది. ఏ గుడ్డ కనిపించినా అంచు నుంచి ఒక పోగు లాగి, వెలిగించి, వాసన చూసేవారు. పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, పాలియెస్టరయితే కరిగి పూస కడుతుంది. కొత్త చీర కట్టుకొచ్చిన రోజు ఆవిడకు దూరంగా కూర్చునేవాళ్లం.

"ఎవరు సెప్పినా నమ్మకండి, కాల్సి సూడండి" అనేవారు.

అలా కాల్చి గుర్తించిన పోగులన్నీ రికార్డులో అతికిస్తేనే డిగ్రీ. నాకు పట్టు పోగు ఒక్కటే దొరక్క మిగిలింది. అమ్మ, చర్చిలో పెళ్లినాడు కట్టుకున్న తెల్ల చీర పట్టుకుని తనే కాలేజీకి వచ్చింది.

"మా నాన్న కొన్నాడండీ, అసలు పట్టు. ఓ పోగు తీస్కోండి" అంది గర్వంగా.

మేడం చీర అంచును వేళ్ల మధ్య నలిపారు. అగ్గిపుల్ల తీశారు. అమ్మ ముఖంలోకి చూసి, దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేశారు.

"పట్టేనండీ. బేగి మడతెట్టీయండి, నలిగిపోద్ది."

అమ్మ వెళ్లాక మేడం తన చీర కొంగు నుంచే ఒక పోగు లాగి నా చేతికిచ్చారు. కాలిస్తే జుట్టు వాసన వచ్చింది.

ఇప్పుడు ఆ పాఠం నేను చెబుతున్నాను. నా బ్యాగులోనూ అగ్గిపెట్టె ఉంటుంది. అమ్మ చీర నా బీరువాలోనే ఉంది. దాన్ని వేళ్లతో నలిపైనా చూడలేదు.