తోలుపట్టీ విప్పిన రోజు

కుక్కని పెంచడమంటే ఇన్ని మెతుకులు పడేయడం కాదని నందిగామలో ఇరుగుపొరుగులకి ఉపన్యాసాలిచ్చిన మనిషిని నేను. జగ్గయ్యపేట నుంచి కాపురానికొచ్చిన ఏడాదే, బడిపంతులైన మా ఆయన దారిలో దొరికిన కుక్కపిల్లని తెచ్చారు. ఆ ఇంట్లో నన్ను సాధించని ప్రాణి అదొక్కటే. రోజూ పిడుదులు ఏరేదాన్ని, వేళకి మజ్జిగన్నం కలిపేదాన్ని, ఎంగిలి పెట్టనిచ్చేదాన్ని కాదు. మొగుడికైనా ఇంత చెయ్యవని మా అత్తగారు దెప్పేవారు.

ఎండలు ముదిరితే పిచ్చికుక్కల భయం. మెడలో పట్టీ లేని కుక్క వీధిలో కనబడితే మందు పెట్టేస్తామని పంచాయతీ వాళ్లు టముకు వేయించారు. ఆ సాయంత్రమే చెప్పులు కుట్టే ఆయన ఎదుట కూర్చుని తోలుపట్టీ కుట్టించాను. మెడ ఒరుసుకోకుండా రెండు వేళ్లు దూరేంత వదులు పెట్టించాను.

వారం తిరక్కుండానే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. కుక్కనైతే పెరట్లో ఓర్చుకుంటారట గానీ, మడి వంట దగ్గర తోలు తిరిగితే వ్రతమే జరగనివ్వనని అత్తగారు భీష్మించుకున్నారు. వాదించాల్సింది. శుభమా అని పూజ పెట్టుకుని రభసెందుకని పట్టీ విప్పేసి, పాత పలుపుతాడుతో జామచెట్టుకి కట్టేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

మూడో కథ నడుస్తుండగా పెరటి గుమ్మంలోంచి చూశాను. కొరికిన తాడుంది, కుక్క లేదు. లేవబోతే కొంగుముడి పట్టి లాగింది. పక్క పీట మీద మా ఆయన మెల్లగా, "ఇంకా రెండు కథలేగా, కూర్చో" అన్నారు. కథ మధ్యలో లేస్తే ఇంటికి అరిష్టమని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినదాన్ని. కూర్చున్నాను. కథలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. అక్షింతలు వేయమన్నప్పుడల్లా వేశాను.

ప్రసాదం చేతిలో పడగానే పరిగెత్తాను. సందు మొగలో కాళ్లు బిగదీసుకుని పడి ఉంది. పక్కన పంచాయతీ మనిషి నిలబడి ఉన్నాడు.

"మెడలో పట్టీ లేదు గదమ్మా. మీదని తెలిస్తే పెడతానా?" అన్నాడు. తర్వాత నేలచూపులు చూస్తూ, "ఇందాకటిదాకా కొట్టుకుందండి. కాస్త ముందొస్తే ఏదన్నా పోసి కక్కించేవాళ్లం" అన్నాడు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, పేరంటాళ్లకి ప్రసాదం పంచాను. వ్రతం ఏ విఘ్నమూ లేకుండా జరిగిందని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

నెల పోయాక మా ఆయన ఇంకో పిల్లని తెస్తానన్నారు. "వద్దండి. మళ్లీ కూర్చోమంటే మళ్లీ కూర్చుంటా" అన్నాను.