ఒకటో రోజు కోసం కొల్లేరు దాకా

పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా మాకు పిల్లలు లేరు. ఈ ప్రయాణానికి కారణం అదే కనుక దాచకుండా ముందే చెప్పేస్తున్నాను. ద్వారకా తిరుమల కొండ మూడుసార్లు ఎక్కాం. ఎవరు ఏ ఆకు పసరు తాగమంటే అది తాగాను. చివరికి ఏలూరులో ఒక డాక్టరమ్మ సంతానం లేనివాళ్ళ గురించి పరిశోధన చేస్తున్నారని విని మొన్న వేసవిలో వెళ్ళాం. ఆవిడ నన్ను పరీక్షించి ఊరుకోలేదు. "మగవాణ్ణి చూడకుండా ఆడమనిషికి మందివ్వనండీ" అని మావారినీ పరీక్షించారు. ఇద్దరిలోనూ లోపం కనబడలేదు. అప్పుడు నా చేతికి ఒక థర్మామీటరూ, ఆరు గళ్ళ కాగితాలూ ఇచ్చారు. రోజూ తెల్లవారి మంచం దిగకముందే ఒంటి వేడి చూసుకుని చార్టులో చుక్క పెట్టాలి. నెలకొక చార్టు. నెలసరిలో పన్నెండో రోజు నుంచి పదహారో రోజు వరకు దంపతులు కలిసి ఉండాలి, దానికి ముందు వారం ఎడంగా ఉండాలి. ఆరు చార్టులూ నిండేలోగా ఫలితం లేకపోతే వాటిని తెచ్చి చూపించాలి. వాటిలోనూ ఏమీ తేలకపోతే మద్రాసు పంపి, పొట్ట కోసి చూడవలసి వస్తుందన్నారు. ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

మావారు ఆ నియమాన్ని ఎంత శ్రద్ధగా పాటించారో చెప్పాలి. ఎడంగా ఉండమన్న వారం వీధి అరుగు మీద పడుకునేవారు. మా పెంటపాడు దోమలన్నీ ఆయనకు చుట్టాలైపోయాయి. అయినా ఆరు నెలలూ వట్టివే అయ్యాయి. ఆరో చార్టూ నిండి, నాలుగో నాటి స్నానం అయిన మర్నాడే బయలుదేరాం.

మార్గశిర మాసం, కోతలు ముగిసిన రోజులు. పెంటపాడు నుంచి ఒంటెద్దు బండిలో తాడేపల్లిగూడెం చేరి, ఉదయం పాసెంజరు ఎక్కాం. మూడో తరగతి టిక్కెట్టు మనిషికి రూపాయి లోపే. రెండు గంటలు తిరక్కుండా ఏలూరులో దిగాం. తీరా ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ లేరు. వారానికి ఒకరోజు కొల్లేటి లంకలో వైద్యం చేస్తారట, ఆవేళే వెళ్ళారట. అటునుంచి అటే మద్రాసు వెళ్ళి నెల వరకు రారట. "నెల ఆగుదాం లేవే" అన్నారు మావారు. నెలపాటు ఆ పొట్ట కోత మాట మోసే ఓపిక నాకు లేదు. "మీరు ఇంటికి వెళ్ళండి, నేను లంకకు వెళతాను" అన్నాను. ఇక మాట్లాడకుండా జట్కా మాట్లాడారు.

సరస్సు ఒడ్డు వరకు రెండు రూపాయలు. జట్కా అతను దారి పొడుగునా మావారితో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. "ఆ డాక్టరమ్మగారి కోసమేనాండీ? వారానికి ఇద్దరినైనా దింపుతానండీ. ఎవరూ ఎందుకని చెప్పరు, నేనూ అడగనండీ" అన్నాడు. ఆ అడగకపోవడం నాకెంతో హాయిగా అనిపించింది. పదకొండు గంటలకు ఒడ్డు చేరి, తాటిదోనె ఎక్కాం. తాటి మొద్దులు తొలిచి రెంటిని జతకట్టిన పడవ అది, మనిషికి పావలా. దోనె నడిపే సుబ్బన్న గెడ వేస్తుంటే ముందు కాలువలా ఉన్న నీరు కాసేపటికి అవతలి గట్టు కనబడనంత విస్తరించింది. పుట్టి బుద్ధెరిగి అన్ని నీళ్ళూ అన్ని పక్షులూ ఒక్కచోట నేను చూడలేదు. గూడబాతులు గుంపులుగా లేచి మా నెత్తి మీదుగా వెళ్ళాయి. "ఏటా ఇదే నెలలో వస్తాయాండీ ఇవి?" అని మావారు అడిగారు. "తేదీ తప్పవండీ బాబూ. గుడ్లు పెట్టే రోజు వాటికి ఎవరు చెబుతారో మరి!" అన్నాడు సుబ్బన్న. నేను ఒళ్ళో ఉన్న చార్టుల మూట గట్టిగా పట్టుకున్నాను.

లంకలో బడి వరండాయే ఆసుపత్రి. డాక్టరమ్మ మా ఆరు చార్టులూ బల్ల మీద వరుసగా పరిచారు. నేనూ వాటినలా పక్కపక్కన చూడటం అదే మొదలు. ఆరింటిలోనూ గీత కొన్నాళ్ళు కింద నడిచి, పదకొండో రోజున అర డిగ్రీ ఎక్కి, మళ్ళీ రెండు వారాలకు దిగింది. ఆరుసార్లూ అదే రోజు! మా ఇంట్లో గడియారం కూడా అంత సరిగ్గా నడవదు. నాకు తెలియకుండా నాలో ఇంత క్రమంగా ఏదో నడుస్తూ ఉందా అని ఒళ్ళు జలదరించింది. తొమ్మిదేళ్ళుగా గొడ్డుదని పిలిపించుకున్న ఒళ్ళు ఇదేనా అనుకున్నాను.

డాక్టరమ్మ మాత్రం నుదురు చిట్లించారు. "అండం విడుదలయ్యాకే వేడి పెరుగుతుందమ్మా. పదకొండో రోజుకే పెరిగితే మరీ తొందర. ఎక్కడో ఏదో సరిగ్గా లేదు" అన్నారు. మద్రాసు కత్తి నా కళ్ళ ముందు మెరిసింది. ఆవిడ చార్టు మొదటి గడి మీద వేలు పెట్టి, "ఈ ఒకటో రోజు ఏ రోజు?" అని అడిగారు.

"నాలుగో నాటి స్నానం రోజండీ" అన్నాను.

"అంతకు ముందు మూడు రోజులేవి?"

"ఆ మూడు రోజులూ బయట కూర్చుంటాను కదండీ. ఇంట్లో వస్తువు ముట్టుకుంటే మా అత్తగారు ఊరుకోరు. థర్మామీటరు అలమారులో ఉంటుంది. స్నానం చేసి లోపలికి వచ్చాకే లెక్క మొదలండీ."

మాకు భోజనం తెచ్చిన సుబ్బన్న భార్య వరండా మెట్టు మీద నిలబడి ఉంది. "అందులో వింతేముందండీ? మేమూ స్నానం నుంచే లెక్కెడతామండీ. బయటున్న రోజులు లెక్కలోకి ఎట్లా వస్తాయండీ?" అంది. డాక్టరమ్మ తన సంచీలోంచి వేరే ఆడవాళ్ళ చార్టుల కట్ట తీసి ఒక్కొక్కటే తిరగేశారు. చాలావాటిలో గీత పది, పదకొండు రోజుల్లోనే ఎక్కేసింది. "తప్పు మీది కాదమ్మా, నాది. మా నాన్నగారు క్రైస్తవ పాఠశాలలో పంతులు. మా ఇంట్లో బయట కూర్చునే పట్టింపు లేదు. మొదటి రోజు అంటే అందరికీ ఒకటే అనుకున్నాను, అడగాలని తట్టలేదు" అన్నారు. ఒక పెద్ద డాక్టరు ఒక పెంటపాడు ఆడదానితో తప్పు నాదనడం నేను విన్న వింతల్లో పెద్దది.

తర్వాత లెక్క చెప్పారు. మా పదకొండు అసలు పధ్నాలుగు, ఏ తొందరా లేదు. నా ఒళ్ళు నిక్షేపంగా ఉంది, పొట్ట కోయనక్కరలేదు. ఆవిడ కలిసి ఉండమన్న రోజులను మేం మూడేసి రోజులు ఆలస్యంగా పాటిస్తున్నాం. అంటే సరిగ్గా అండం విడుదలయ్యే రోజున మావారు అరుగు మీద దోమలకు విందు చేస్తున్నారు. ఆయన ముఖం చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే ఏడ్చేశాను.

కొర్రమీను పులుసుతో అన్నం తింటుంటే డాక్టరమ్మ ఇంకో సంగతి చెప్పారు. పై దేశాల్లో కొందరు అండాన్ని ఒంటి బయట, గాజు గిన్నెలో పిండంగా మొదలుపెట్టాలని చూస్తున్నారట. ఇంకా సాధ్యపడలేదట. మావారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బయలుదేరేముందు ఆవిడ కొత్త చార్టు ఇచ్చి, "పైకెక్కిన గీత రెండు వారాలకు దిగుతుంది. మూడు వారాలు దిగకుండా ఉంటే ఆలస్యం చేయకుండా రండి" అన్నారు. పొద్దు వాలకముందే ఒడ్డు చేరి, సాయంత్రం బండికి తాడేపల్లిగూడెం వచ్చేశాం.

తొమ్మిదేళ్ళు మేం దేవుణ్ణి అడిగాం, పసరు వైద్యుణ్ణి అడిగాం. పక్షికి తెలిసిన తేదీ నా ఒంటికీ తెలుసని మాత్రం అనుకోలేదు. దాన్ని తెలుసుకోవడానికి అరచేతి పొడుగు గాజు గొట్టమూ, అడగడానికి సిగ్గుపడని ఒక మనిషీ చాలు. ఆ తర్వాత బయట కూర్చున్నప్పుడు థర్మామీటరు నా పక్కనే ఉంది. అది తెచ్చి నా చాప మీద పెట్టింది మా అత్తగారే.

ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళకు ఒకే ఒక్క మాట. డాక్టరమ్మ లంకకు ఏ రోజు వెళతారో ముందు ఏలూరులో కనుక్కోవడం మంచిదే గాని, అంతకన్నా ముఖ్యం, మీరు ఏ రోజును ఒకటి అంటున్నారో డాక్టరుకు మీరే నోరు విప్పి చెప్పండి, ఆవిడ అడిగేదాకా ఆగవద్దు. మా కొత్త చార్టులో గీత పైకెక్కి నేటికి ఇరవై ఒక్క రోజులు. ఇంకా దిగలేదు. రేపు ఉదయం పాసెంజరుకు మళ్ళీ ఏలూరు వెళుతున్నాం.