పండుగకు ముందే తెంపిన కాయ

మామిడి పండుగ చేసి కొత్త కాయను దేవతకు పెట్టేదాకా మా కోయగూడెంలో ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. ఆ మొదటి కాయ కోసేది మా ఇంటాయన. ఆయన ఇంట్లోనే ఎవరైనా ముందు తింటే ఆ ఏడు కత్తి పట్టే అర్హత ఆయనకు ఉండదు.

గూడెంలో సెల్‌ఫోన్‌కు ఇంకా సిగ్నల్ రాని రోజులవి. వేసవి సెలవులకు మా వాడు హాస్టల్ నుంచి వచ్చాడు. పద్నాలుగేళ్లు. అన్నం తింటున్నంతసేపు కూడా కాలు కుదురుగా ఉండదు. వాడొచ్చాక ఉప్పు డబ్బా తొందరగా తేలికైంది. నేను అంగన్‌వాడీ టీచర్ని, పిల్లల మూతి చూసి ఏం తిన్నారో చెప్పగలను. వీడి పెదవి చివర నల్లగా కమిలింది. మామిడి సొన తగిలితే అలాగే కమిలిపోతుంది.

"మూతికి ఏందిరా?"

"చీమ కుట్టిందమ్మా."

చీమట. ఆ రోజు నుంచి నాకు అన్నీ అనుమానాలే. చేతులు కడుక్కుంటే ఎందుకు కడిగాడని, కడగకపోతే ఎందుకు కడగలేదని. తల దువ్వే నెపంతో వేళ్లు వాసన చూశాను. సబ్బు వాసన. చెప్పకుండా సబ్బు ముట్టే రకమా వాడు? చివరికి దొడ్లో గడ్డివామి వెనక లేత టెంక దొరికింది. కాలితో మట్టి కప్పేశాను. ఆయనకు చెబితే కత్తి వదిలేస్తాడు. చెప్పకపోతే దేవత ఊరుకుంటుందా అని భయం. అయినా నోరు విప్పలేదు.

పండుగనాడు గూడెమంతా కూర్చుంది. ఆయన కత్తి అందుకోగానే నా పక్కన వీడు కదిలాడు. చెయ్యి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కాను. ఆగితేగా.

"నాయనా, నువ్వు కొయ్యకు. నేను ముందే తిన్న."

ఆయన కత్తిని వేరు కాపురం ఉండే తన తమ్ముడికిచ్చి వెనక్కి పోయి కూర్చున్నాడు. తినేటప్పుడూ ఆపుకోలేదు, చెప్పేటప్పుడూ ఆపుకోలేదు వెధవ. వాడిని కొట్టాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది.

ఇంటికొచ్చాక ఆయన వాడిని ఎదురుగా నిలబెట్టాడు. నన్నే చూస్తూ వాడిని అడిగాడు.

"మీ అమ్మకు ఎరికేనా?"

ఏది అడిగినా తడుముకోకుండా వాగేవాడు నా గోళ్లు దిగిన చోట మెల్లగా రుద్దుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగడం నాకు కనబడింది.

"లే నాయనా. అమ్మకు తెల్వది."